అడుక్కొచ్చిన గుడ్డ

దూడ చచ్చిన పొద్దునే మీకు తెలుసు, చెంచురామయ్యగారూ. కింద పరిచిన గుడ్డ నాకి చచ్చిందని తెలిసే కదా, మిగతా పశువుల్ని ఆ చావిట్లోంచి మార్పించారు? గొయ్యి లోతుగా తవ్వమన్నారు. పైన సున్నం పోయించారు. గుడ్డని చేత్తో ముట్టుకోవద్దని, కర్రతో ఎత్తి గోతిలో పడేయించారు. అంత జాగ్రత్త తెలిసినవాళ్లు, ఆ గుడ్డ ఉన్న మూటలోంచే కొన్ని ముక్కలు ఎలీసమ్మకి ఇచ్చామే, అవిప్పుడు ఏ పసిబిడ్డ ఒంటిమీద ఉన్నాయో అని పల్లెలోకి ఒక్క మాట పంపలేకపోయారా? మాణిక్యమ్మగారూ, ఆ పొద్దున మీరూ అరుగు మీదే నిలబడి ఉన్నారు. మీకూ తెలుసు.

మాకేం తెలుసు అంటున్నారు మీరు. ఊళ్లో సగంమంది మీ మాటే అంటున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు అందరి ముందూ పెట్టాలి.

ఎలీసమ్మ చెంచురామయ్య పాలేరు దానయ్య భార్య. పొద్దంతా పత్తి చేలోనో మిరప కల్లంలోనో ఉంటుంది. ఇంటికొస్తే చేతిలో సూది ఉంటుంది. ఆ చేతులు ఊరికే ఉండవు. ఎవరి గొడుగైనా చిరిగితే ఆ గుడ్డతో సంచీ కుడుతుంది. మిరపకాయల గోతం పిగిలిపోతే పురి విప్పి ఉట్టి అల్లుతుంది. కట్టి కట్టి నలిగిపోయిన చీరల్ని పొరలు పొరలుగా పేర్చి బొంత కుడుతుంది. దారం కూడా కొనదు. చీర అంచుల్లోంచి పోగులు లాగి, పేని, పుల్లకి చుట్టి దాచుకుంటుంది. మా పల్లెలో పెళ్లికైనా, పురుడుకైనా, క్రిస్మస్‌కి పాస్టరుగారి ఇంటికైనా వెళ్లేది ఎలీసమ్మ చేతి పనే. స్టీలు గిన్నె మీద పేరు కొట్టించి ఇచ్చే స్తోమత ఎవరికుంది? ఇంట్లో అరిగిపోయింది ఏదో ఒకటి ఆమె గుమ్మంలో పడేస్తే, నలుగురిలో చేతికి ఇవ్వదగ్గ వస్తువై తిరిగొస్తుంది.

చీరాల దాటి వాడరేవుకి పోయే దారిలో కరీముల్లా ఉంటాడు. దూది ఏకి పరుపులు కుట్టే మనిషి. పత్తి తీతలప్పుడు భార్య జానీబీని వెంటబెట్టుకుని మా ఊళ్లు తిరుగుతాడు. ఎలీసమ్మకీ జానీబీకీ స్నేహం అట్లా సూదుల దగ్గరే కుదిరింది. ఒకరినొకరు వదినా అనుకుంటారు. జానీబీ కూతురు మస్తాన్‌బీకి రెండు కాన్పులూ నిలవలేదు. మూడోసారి నెలలు నిండుతుండగా జానీబీ పనిగట్టుకుని మా పల్లెకి వచ్చింది.

"వదినా, ఈసారి బిడ్డ గుడ్డ నువ్వు కుట్టాల," అంది.

వరసగా బిడ్డలు పోయిన కడుపున మళ్లీ ఒకడు పుడితే, వాడి ఒంటికి కొత్త గుడ్డ తాకనివ్వరు. పిల్లలు పుట్టి బతికిన ఇంటికి వెళ్లి పాతగుడ్డ అడుక్కుని తేవాలి. ఆ ఇంటి అదృష్టం ఆ గుడ్డతో వస్తుందని నమ్మకం. నలభయ్యో రోజు దాకా బిడ్డని అందులోనే ఉంచాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇచ్చినవాళ్లు దాన్ని వెనక్కి అడక్కూడదు. అడిగితే ప్రాణం అడిగినట్టే. ఈ పద్ధతికి మా పల్లె, మీ ఊరు అని లేదు. బిడ్డలు పోయిన ప్రతి ఇంటిదీ ఇదే పద్ధతి.

"ఒక్క పిల్లా పోని ఇల్లు చూసి అడుగు వదినా," అంది జానీబీ.

"మా పల్లెలో అట్టాంటి ఇల్లు యాడుంది? ఊళ్లోకి పోవాల్సిందే," అంది ఎలీసమ్మ.

మాణిక్యమ్మగారి పిల్లలు ముగ్గురూ నిక్షేపంగా ఉన్నారు. ఎలీసమ్మ ఆ పెరట్లోకి వెళ్లి నిలబడింది.

"ఏమే, క్రిస్మస్ ఇంకా రాలేదుగా! అప్పుడే గుడ్డలకి తయారయ్యావే?" అంది మాణిక్యమ్మ.

"నాకు కాదమ్మగోరూ. పరుపుల జానీబీ లేదా, ఆమె కూతురికి. మీ చేత్తో ఇస్తే బిడ్డ నిలబడిద్దని..."

"దూదేకులోళ్ల పిల్లకా? నా పాతగుడ్డలకి ఇంత గిరాకీ ఉందని తెలిస్తే కొట్టు పెట్టుకునేదాన్ని కదే!" అని మాణిక్యమ్మ నవ్వింది. బొడ్లోంచి తాళాల గుత్తి తీసి కొట్టుగది తెరిచింది. లోపల్నుంచి ఒక మూట తెచ్చి ఎలీసమ్మ ముందు పడేసింది. అన్నీ పంచెల ముక్కలు. "అయ్యగోరి పంచెలే. దూదిలాగున్నాయి చూడు. నాలుగు తీసుకో. ఉతికించే పెట్టా."

ఆ ముక్కలు ఏమిటో ఇప్పుడు చెప్పాలి. అది పత్తికి తెల్లదోమ పట్టిన ఏడు. పిచికారీలు చేసి చేసి విసిగిపోయి రైతులు పొడిమందు చల్లారు. చెంచురామయ్య పొలంలో ఆ పొడిని పాత పంచె ముక్కల్లో మూటకట్టి, కర్రకి వేలాడదీసి, తెల్లారుజామున ఆకుల మీద మంచు ఉండగా సాళ్ల వెంట దులుపుకుంటూ పోయారు. దులిపినవాళ్లలో దానయ్య ఒకడు. ముక్కుకి తువ్వాల కట్టుకుని దులిపాడు. పని అయ్యాక మూటలు విప్పించి, కాలవలో ఒక ఉతుకు ఉతికించి, కొట్టులో పడేయించింది మాణిక్యమ్మ. గుడ్డ పారేసే మనిషి కాదామె. ఉతికితే పోయిందిలే అనుకుంది. పోయిందో లేదో తన పడకమీద వేసుకుని చూసుకోలేదు.

ఎలీసమ్మ గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంది. "మందు వాసన కొడతందమ్మగోరూ."

"కొట్టులో మందు బస్తాలు ఉండబట్టి పట్టుంటది. మంచిదేగా, నల్లి కూడా దగ్గరకి రాదు."

ఎలీసమ్మకి ఆ మాట నిజంగానే మంచిమాటలా వినిపించింది. మా చేలగట్టున పుట్టిన మనిషి తప్ప ఇంకెవరూ ఆ పొరపాటు చెయ్యరు. మందు వాసన మాకు కొత్తా? పత్తి కాలంలో తాగే నీళ్లు ఆ వాసనే. తల దువ్వుకుంటే ఆ వాసనే. సద్దిమూట విప్పితే ఆ వాసనే. మంచాల నల్లులకి చల్లుకుంటామని, పిల్లల తలల్లో పేలకి రాస్తామని, గుప్పెడు పొడిమందు ఆసాముల్ని బతిమాలి తెచ్చుకునేవాళ్లం మేం. బిడ్డని నల్లి కుట్టకపోతే అంతకంటే ఏం కావాలి అనుకుంది ఎలీసమ్మ. తెచ్చి మామూలు నీళ్లలో జాడించి ఆరేసింది.

ఆ బొంత కుట్టినన్నాళ్లూ ఆమె ఇంకో పని ముట్టుకోలేదు. నాలుగు ముక్కలూ ఒకదానిమీద ఒకటి పేర్చి, గీత గీసినట్టు దగ్గర దగ్గరగా కుట్లు వేసింది. తన పాత ఎర్ర లంగాలోంచి రేకులు కత్తిరించి మధ్యలో పువ్వు కుట్టింది. కొసలు బిడ్డకి గుచ్చుకోకుండా లోపలికి మడిచింది. మగబిడ్డ పుట్టాడని కబురొస్తే బస్సెక్కి పట్టుకెళ్లింది. జానీబీ ఆ బొంతని కళ్లకద్దుకుని మనవణ్ణి చుట్టింది. ఎలీసమ్మ తిరిగొచ్చి వారం రోజులు ఆ సంగతే చెప్పుకుంది.

తర్వాత చలి ముదిరింది. చెంచురామయ్య ఇంట్లో ఆవు ఈనింది. నేల జిల్లుమంటోందని మాణిక్యమ్మ ఆ మూటలోంచే ఒక ముక్క తీయించి దూడ కింద పరిపించింది. ఆ తర్వాతది మొదట్లోనే చెప్పాను.

దూడ చచ్చింది ఆదివారం, ఎలీసమ్మకి తెలిసింది బేస్తవారం. కల్లంలో మిరపకాయలకి తొడిమలు తీస్తూ, మధ్యాహ్నం సద్ది తినడానికి లేచింది. దానయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అన్నం కలిపాడు గాని నోట్లో పెట్టడం లేదు.

"కెలుకుతా కూచున్నావేంది? కారం ఎక్కువైందా?"

"దూడ పోయింది."

"ఏ దూడయ్యా?"

"మొన్న పుట్టిందే, అదే. చొంగ కార్చుకుంటా, కాళ్లు తన్నుకుంటా పోయింది. ఎవరితో అనబాకన్నాడు అయ్యగోరు."

"దూడ పోతే దాచేదేముంది?"

దానయ్య తల ఎత్తలేదు. "గుడ్డ నాకిందంట. చలికని కింద పరిచారు. పంచె ముక్క. మందు మూటలు కట్టినయి."

ఎలీసమ్మ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "కొట్టుగదిలో మూటలోదా?"

"ఊఁ."

"ఎప్పుడు పోయింది?"

"ఆదివారం."

"ఆదివారం పోతే బేస్తవారం నోరు తెరుస్తావా? నేను బొంత కుడతంటే ఎదురుగా కూచుని బీడీ తాగలా నువ్వు? ఆ గుడ్డలు యాడివో అడగలా?"

"నాకేం తెలుసే, తెల్లగా ఉతికున్నాయి. దూడ పోయినాకే అనుమానమొచ్చింది. చెప్తే జీతంలోంచి తీసేస్తాడని..."

"దూడకి గొయ్యి తవ్వావుగా. ఇంకోటి తవ్వటానికి గడ్డపార అక్కడే పెట్టొచ్చావా?"

ఎంగిలి చేత్తోనే రోడ్డుకి పరిగెత్తింది. చీరాల బస్సు వచ్చేదాకా రోడ్డుకి ఈ పక్కనించి ఆ పక్కకి, ఆ పక్కనించి ఈ పక్కకి తిరిగింది. ఎక్కాక కూర్చోలేదు. పత్తి బేళ్ల లారీలు అడ్డం. ఒకటి దాటితే ఇంకోటి. ఆమె డ్రైవరు వెనకాల కడ్డీ పట్టుకుని ముందుకి వంగి నిలబడింది.

"సీటుంది కూచోవేందమ్మా? నువ్వు నిలబడితే బస్సు ముందుకి పోద్దా?" అన్నాడు కండక్టరు.

"పోయిద్దేమో చూస్తన్నా."

బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. లారీ వెనక లారీ. తిట్టింది. యేసయ్యా అంది. మళ్లీ తిట్టింది.

చీరాలలో దిగి వాడరేవు దారిన పడింది. ఎండుచేపల గంపలతో ఎదురొచ్చే ఆడవాళ్లని తోసుకుంటూ నడిచింది. కరీముల్లా ఇంటి ముందు జానీబీ దూది ఆరబోస్తోంది.

"ఓయమ్మో, వదినే! చెప్పా పెట్టకుండా ఊడిపడ్డావే!"

"పిల్లోడేడి?"

"నిద్దరపోతన్నాడు. రెండ్రోజుల్నించి ఒకటే నిద్ర. బంగారుకొండ వదినా, ఏడుపే లేదు."

ఏడుపే లేదన్న మాట ఎలీసమ్మ గుండెలో దబ్బనంలా దిగింది. చెప్పులు విడవకుండా లోపలికి పోయింది. మస్తాన్‌బీ పక్కన బొంతలో బిడ్డ ఉన్నాడు. నోటివెంట చొంగ కారి ఎర్రపువ్వు తడిసిపోయింది. అంత చలిలోనూ నుదురు చెమటలు పట్టి ఉంది.

"పాలు తాగుతున్నాడా?"

"నిన్నటినించి సరిగ్గా పట్టట్లేదత్తా," అంది మస్తాన్‌బీ.

"ఆ గుడ్డ తియ్యి."

జానీబీ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏందొదినా ఆ మాట? నలభై నిండలా. ఇచ్చిన చెయ్యే అడుగుతుందా?"

"తియ్యమంటన్నా! ఆ గుడ్డలో మందుంది. చెంచురామయ్య దూడ దాన్ని నాకి చచ్చింది. ఇట్టాగే చొంగ కార్చి చచ్చింది!"

"దూడకీ నా మనవడికీ ఏంటి సంబంధం? ఆ ఇంట్లో పిల్లలు ముగ్గురూ బతికారని నువ్వేగా చెప్పావు!"

"వాళ్ల పిల్లల్ని ఈ గుడ్డలో చుట్టలా వదినా. మందుని చుట్టారు."

మస్తాన్‌బీ బిడ్డని బొంతతో సహా గుండెకి అదుముకుంది. రెండుసార్లు పోగొట్టుకున్న తల్లి. ఆమెకి తెలిసిన కాపుదల ఆ గుడ్డ ఒక్కటే. దాన్ని లాక్కోవడానికి వచ్చిన మనిషి ఆమె కంటికి చావులాగే కనపడింది. "ఇయ్యను. నా బిడ్డ గుడ్డ ఇయ్యను," అని గోడకి జరిగింది. జానీబీ ఎలీసమ్మ జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. "పో వదినా. నీకు దణ్ణం పెడతా, వెళ్లిపో. అడగబాకు."

ఎలీసమ్మ విదిలించుకుంది. మూలన పరుపులు కోసే పెద్ద కత్తెర ఉంది. తీసుకుంది.

"నేనేం వెనక్కి అడగట్లా. నాకొద్దు ఆ గుడ్డ. కుట్టింది నేను, కోసేదీ నేనే. నీ బిడ్డని పట్టుకో, గట్టిగా పట్టుకో, కదలబాకు."

మస్తాన్‌బీ కళ్లు మూసుకుంది. ఎలీసమ్మ తన కుట్ల వెంటే కత్తెర పోనిచ్చింది. పువ్వు రెండుగా తెగింది. బొంత ముక్కలై రాలిపోయింది. బిడ్డని సబ్బు పెట్టి కడిగారు. తుడవడానికి ఎలీసమ్మ తన పైట తీయబోయి ఆగింది. ఆ చీర పొద్దున్నించీ చేలో, కల్లంలో తిరిగిన చీర. దాన్నీ నమ్మలేకపోయింది. "కొత్తది. కొత్తది తెండి," అని అరిచింది. అప్పటిదాకా గుమ్మం బయట నిలబడ్డ కరీముల్లా పరుపు కోసం తెచ్చిన కొత్త గుడ్డ తానుని విప్పి పర్రున చింపాడు. ఆ శబ్దానికి జానీబీ చెవులు మూసుకుంది. బిడ్డ ఒంటికి మొదటిసారి కొత్తగుడ్డ తాకింది.

చీరాల ఆస్పత్రిలో డాక్టరు బిడ్డ కనురెప్పలు ఎత్తి చూశాడు. "కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి. ఏం మందు అది?"

"పొడిమందండి."

"పొడిమందులు సవాలక్షున్నాయమ్మా. ఒకదానికి ఇచ్చే విరుగుడు ఇంకోదానికి పనికిరాదు. చూస్తుంటే ఒకటనిపిస్తోంది, సూది మొదలుపెడతాను. కానీ పసిగుడ్డు. పేరు తెలియకుండా ఎంతని ఇవ్వను? ఎన్నిసార్లని ఇవ్వను? మందు సంచి మీద పేరుంటుంది. పట్టుకురండి. ఎంత తొందరగా తెస్తే అంత."

జానీబీ, మస్తాన్‌బీ బిడ్డ దగ్గర ఉండిపోయారు. ఎలీసమ్మ, కరీముల్లా రోడ్డుమీద పడ్డారు. బస్సు లేదు. వాడరేవు నుంచి చేపలు వేసుకుని చిలకలూరిపేట పోతున్న లారీ ఆపి ఎక్కారు. ఐసునీళ్లు కాళ్ల మీద కారుతుంటే దారిపొడవునా ఎలీసమ్మ క్యాబిన్ రేకుని చేత్తో కొడుతూనే ఉంది.

పొద్దు వాలేవేళకి ఇద్దరూ లారీ దిగి డాక్టరు మాట చెప్పేసరికి చెంచురామయ్య గేటు ముందుకి పల్లె మొత్తం వచ్చింది. కల్లంలో తొడిమలు తీసేవాళ్లు తీసేచోటే వదిలేసి వచ్చారు. అందరికంటే ముందు దానయ్య ఉన్నాడు. ఎలీసమ్మ బస్సెక్కగానే అతను అయ్యగారి దగ్గరికి పోయి ఆ గుడ్డల్లో ఉన్నది ఏం మందని అడిగాడు. చెంపమీద అయ్యగారి వేళ్లు తేలి ఉన్నాయి. అయినా గేటు వదల్లేదు.

"ఏరా దానయ్యా, నా ఉప్పు తిని నా గుమ్మం ముందు జాతర చేయిస్తావా?" అంటున్నాడు చెంచురామయ్య.

"ఉప్పు నేనూ కష్టపడే తిన్నానయ్యా. ఆ సంచి ఇచ్చెయ్యండి."

"సంచీ లేదు, గించీ లేదు. ఎప్పుడో తగలబెట్టాం."

"మొన్న నేనే జరిపానయ్యా దాన్ని. గోడవారనుంది."

చెంచురామయ్య గొంతు తగ్గించాడు. "చూడండర్రా. ఆ సంచి బయటికొస్తే ఏమవుద్దో నాకు తెలవదా? డాక్టరు రాస్తాడు, పోలీసులొస్తారు. కేసుండదని ముందు పెద్దమనుషుల్లో ఒప్పుకోండి. పాస్టరుగారినీ పిలిపించండి. తర్వాత తీరిగ్గా వెతికిద్దాం."

కరీముల్లా మోకాళ్లమీద కూలబడ్డాడు. "అయ్యా, మా మనవడయ్యా," అన్నాడు.

ఎలీసమ్మ చెంచురామయ్య వైపు చూడలేదు. అరుగు మీద స్తంభం చాటున నిలబడ్డ మాణిక్యమ్మ దగ్గరికి నేరుగా నడిచింది. పల్లె ఆడది ఆ అరుగెక్కడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. ఆమె ఎక్కింది.

"అమ్మగోరూ, ఆయనతో నాకు మాటల్లేవు. తాళాలు మీ బొడ్లో ఉన్నాయి. బిడ్డ నిలవాలని మీ చెయ్యి చల్లనిదని మీ గుడ్డ అడుక్కెళ్లాను. ఇప్పుడు అడుక్కోటానికి రాలా. కొట్టుగది తియ్యండి. సంచి బయట పెట్టండి, ఖాళీదైనా సరే, చిరిగిందైనా సరే, పేరున్న ముక్క చాలు. ఆ మూటలో గుడ్డలు ఇంకా ఎవరెవరికి పంచారో ఇక్కడే, అందరూ వినేట్టు చెప్పండి. మావాళ్లు పరిగెత్తుకెళ్లి బిడ్డల ఒంటిమీద నుంచి లాగేస్తారు. మీ పెద్దబ్బాయిని మోటారుసైకిలు బయటికి తియ్యమనండి, కరీముల్లా అన్న వెనకాల కూచుంటాడు. కేసు సంగతి బిడ్డ కళ్లు తెరిచినాక మాట్లాడదాం. తియ్యండి. చేతులు ఒణుకుతుంటే ఆ గుత్తి ఇట్టా ఇవ్వండి, నేను తీస్తాను. ఇప్పుడే తియ్యండి."